రెండు బాణాల బూటు

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ లేదు. కనీసం నాకట్లా గట్టి నమ్మకం. ఉర్దూలో అర్జీ రాయగలను, ఇంగ్లీషులో సంతకం చేయగలను, తెలుగులో ఎవరితోనైనా వాదించగలను. ఇంతటి ప్రజ్ఞాశాలి ఒక జత తోలు బూట్ల చేతిలో ఎట్లా చిత్తుగా ఓడిపోయాడో చెబుతాను. ఇందులో ఎముక ఒకటి విరుగుతుంది. విరిగేది నాదే కాబట్టి మీరు నిశ్చింతగా చదువుకోవచ్చు.

మాది వరంగల్లు పక్క పల్లెల్లో పేరున్న దొరల కుటుంబం. మా తాతగారి కాలంలో మా గడి ముందు చెప్పులేసుకుని నడిచే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. దర్వాజా కనబడగానే చెప్పులు విడిచి, చేతబట్టుకుని, వంగి దాటిపోయేవాళ్లు. ఇది గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాణ్ణి. మా నాన్నగారి హయాంలో దావాల మీద దావాలు నడిచి భూములు పోయాయి, గడి పోయింది, గుర్రపు బగ్గీ పోయింది. నిటారుగా నిలబడే వెన్నెముక ఒక్కటి మిగిలింది. దాన్ని ఎట్లా జప్తు చేయాలో కోర్టువాళ్లకు తోచలేదనుకుంటాను.

పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, స్టేషను దగ్గరి ఒక పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో నాకు స్టోరు కీపరు ఉద్యోగం దొరికింది. మట్టెవాడలో మేమున్న రెండు గదుల అద్దె ఇంటి ముందు నిలబడి మా అమ్మ, "మా వాడు ఫ్యాక్టరీలో ఆఫీసరు" అని వాడంతా వినిపించింది. ఈ ఉద్యోగం పోతే హనుమకొండలో మా బావగారి ఇంట్లో తల దాచుకోవాలి. ఆయన మంచివాడే. కానీ ఎదుటి విస్తట్లో అన్నం పడగానే, "ఇగ ఏం ప్రయత్నాలు చేస్తున్నవు, బామ్మర్దీ?" అని అడిగే రకం. ఆ ప్రశ్న కంటే ఆకలి నయం.

ఇట్లా ఉండగా కొమురయ్య అనే హమాలీ కాలి మీద తూకపు గుండు జారిపడి, బొటనవేలు నుజ్జయింది. హమాలీలందరూ వట్టి కాళ్లతోనే పనిచేసేవాళ్లు. మా సేఠ్ కంగారుపడి, సికిందరాబాదులో వేలానికి వచ్చిన బూట్లు రెండు గోనె మూటల నిండా పంపించాడు. యుద్ధం రోజుల్లో ఆయుధాల కార్ఖానాల్లో వాడినవట. ముందుభాగంలో, తోలు లోపల, వేళ్లకు అడ్డంగా ఇనుప తొడుగు ఉంటుంది.

మేనేజరు నన్ను పిలిచాడు. "రావు సాబ్, అన్నీ ఒక్క తీరుగ లెవ్వట. కొన్ని మంచివి, కొన్ని నాసివి. ఏది ఏందో వాటి మీద గుర్తులుంటయట. చూసి, ఏరి, ఎల్లుండి సేఠ్ వచ్చేటాలకు అందరి కాళ్లకు తొడిగియ్యాలె. మీకు గుర్తులు ఎరుకేనా?"

"నాకు ఎరుక లేకపోవుడేంది?" అన్నాను.

"మంచిది. పని గాకపోతే మాత్రం ఎల్లుండి నుంచి మీరు వచ్చే జరూరత్ లేదు."

స్టోరు తలుపేసుకుని మూటలు విప్పాను. అయ్యా, అవి బూట్లు కావు, తోలు మీద చెక్కిన శాసనాలు! అడుగున ఆరు నుంచి పది దాకా ఏదో ఒక అంకె. అంకె పక్కన ఇంగ్లీషు అక్షరం, ఎస్సో, ఎమ్మో, ఎల్లో. లోపలి తోలు మీద కాకి పాదం లాంటి బాణం. కొన్నింటికి ఒకటే బాణం, దాని పక్కన గుండ్రటి ముద్ర. కొన్నింటికి రెండు బాణాలు, ఎదురెదురుగా, మొనకు మొన ఆనించి. ఒకటి పట్టుకుని చూస్తే అర్థమైనట్టే ఉండేది. రెండోది పట్టుకుంటే మొదటిదీ పోయేది. తిప్పి చూశాను, బోర్లించి చూశాను, వెలుతురుకు పెట్టి చూశాను. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని కూడా చూశాను. ఎందుకో నన్నడగకండి.

గేటు దగ్గర చెప్పులు కుట్టే ఎల్లయ్య కిటికీలోంచి తొంగిచూశాడు. యుద్ధం సాగినన్నాళ్లు సికిందరాబాదు దండులో బూట్లు బాగుచేసి వచ్చిన మనిషి. "దొరా, గుర్తులు సూస్తాండ్రా? జర నాకు సూపెట్టుండ్రి, చెప్త" అన్నాడు.

"అవసరం లేదు" అన్నాను.

మా తాతగారి మనవడు ఎల్లయ్య దగ్గర కూర్చుని బూటు పాఠాలు నేర్చుకోవడమా! కిటికీ రెక్క వేసి నా బుర్రకే పదును పెట్టాను. సాయంత్రానికి సర్వం తేటతెల్లమైంది. అంకె అంటే ఎన్ని సేర్ల బరువుకు ఆగుతుందో ఆ లెక్క. ఎస్ అంటే సేఠ్, ఎం అంటే మేస్త్రి, ఎల్ అంటే లేబరు. ఇక బాణాలంటారా, ముందు వెండికర్రతో ఒక చోబుదారు నడిచే ప్రభువు గొప్పా, ఇద్దరు నడిచే ప్రభువు గొప్పా? రెండు బాణాలే మేలు రకం, సందేహం లేదు. మా గడి దర్వాజా మీద కూడా రెండు బల్లేలు అట్లాగే మొనకు మొన తగిలించి ఉండేవి. ఒంటి బాణం బూట్లను నాసిరకమని మూలకు విసిరేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

తెల్లవారి హమాలీలను స్టోరు ముందుకు పిలిపించాను. ఇరవై ముగ్గురు వచ్చి అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. వాళ్ల పెద్ద సాయిలు ఒక బూటు ఎత్తి, బరువు చూసి, కింద పెట్టాడు.

"గివి తొడిగితే కాలు లేస్తదా దొరా? బండకు కట్టేసినట్టుంటది."

"మీ కాళ్లు బాగుండాలనే ఇస్తున్నం."

"మా కాళ్లా?" సాయిలు వెనక్కి తిరిగి అందరినీ చూశాడు. "మీ గడి ముందట మా అయ్యతోని చెప్పులు ఇడిపిచ్చిండ్రు. గిప్పుడు మీరే బూట్లు తొడుగుమంటాండ్రు. మతలబేందో జర ఇప్పి చెప్పుండ్రి."

అందరూ ఘొల్లున నవ్వారు. మెట్ల మీద నిలబడ్డ మేనేజరు నవ్వలేదు. నా వైపు చూసి, జేబులోంచి గడియారం తీసి చూసుకున్నాడు. నాకు బావగారి విస్తరి కనిపించింది.

"మతలబేం లేదు!" అని గట్టిగా అన్నాను. "నేనే తొడుక్కుంటా. పది సేర్ల గుండు తెచ్చి నా కాలు మీద వెయ్యి."

"పరాచికాలా దొరా?"

"వెయ్యమంటున్న!"

రెండు బాణాలది, పది అంకె ఉన్నది ఏరి కుడికాలికి తొడుక్కున్నాను. అందులో నాతో పాటు మా అమ్మ కూడా కాలు పెట్టుకునేంత చోటుంది. ఫ్యాక్టరీలో పత్తికి కరువా? మడమ వెనక గుప్పెళ్ల కొద్దీ కుక్కాను. దాంతో నా బొటనవేలు వెళ్లి సరిగ్గా ఇనుప తొడుగు కింద కూర్చుంది. సాయిలు గుండు తెచ్చాడు.

"యాడికెళ్లి ఇడవాలె? మోకాలు కాడికెళ్లా, నడుము కాడికెళ్లా?"

మోకాలు అనాల్సింది. ఈ రోజుకూ అనుకుంటూ ఉంటాను.

"నడుము దగ్గర నుంచి" అన్నాను.

గుండు పడింది. లోపలి ఇనుము తుప్పు పట్టి ఎన్నడో చచ్చిపోయింది. ఎండిన జొన్నరొట్టె విరిగినట్టు విరిగింది. దాని కిందిది కూడా అదే చప్పుడు చేసింది.

ఇక్కడ మా ఇంటి కట్టుబాటు ఒకటి చెప్పాలి. మా వంశంలో మగవాళ్లు నొప్పికి అరవరు. మా నాన్నగారిని ఒకసారి తేలు కుడితే, "ఎవరో పిలిచినట్టున్నారు, చూసి వస్తా" అని లోపలికి వెళ్లారట. నేనూ అంతే. వెన్ను నిలబెట్టి, పళ్లు బయటపెట్టి నవ్వాను.

"చూసిండ్రా?" అన్నాను. గొంతు నాదే కానీ ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

"ఏం గాలేదా దొరా?"

"ఏమైతది?"

"మరి కండ్లల్ల నీళ్లేంది?"

"పత్తి దుమ్ము."

అంతే, ఒకటే కేరింత! "ఓరి, గంత గుండు పడ్డా దొర నవ్వుతాండు!" "నాకు రెండు బాణాలది!" "అరేయ్, గా పదిది నాది, ఇడువు!" మూటల మీద పడ్డారు. మేనేజరు మెట్లు దిగివచ్చి నా భుజం చరిచాడు. "షాబాష్ రావు సాబ్! ఇగ మీ నౌకరికి ఫికర్ లేదు." ఆ చరుపు భుజం నుంచి బయలుదేరి నేరుగా బొటనవేలిలో దిగింది. డప్పులాగా మోగుతున్న వేలితో, ఉద్యోగం నిలిచిన సంతోషంతో, ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడ్డాను.

అప్పుడు చూశాను. సాయిలు రెండు బాణాల బూటు తొడుక్కుని కాలు ముందుకు చాపాడు. "ఎయ్యిరా, నా కాలు మీద గూడ ఎయ్యి! నడుము ఏంది, నెత్తి మీదికెళ్లి ఇడువు!" అంటున్నాడు. ఎదుటివాడు గుండు రెండు చేతులతో పైకెత్తాడు.

నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, సాయిలు వేలు పోతుంది. ఒకటి రెండు రోజుల్లో ఇరవై మూడు వేళ్లు పోతాయి. నోరు తెరిస్తే వేళ్లు ఉంటాయి, నేను హనుమకొండ పోతాను. ఇంత ఆలోచించానని ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పుడు నోరు తనంతట తనే తెరుచుకుంది.

"ఆగుండ్రి! ఎయ్యకుండ్రి! నా ఏలు ఇరిగింది!"

గుండు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. మేనేజరు నోరు కూడా తెరుచుకునే ఉంది. గొడవ విని గేటు దగ్గర నుంచి ఎల్లయ్య వచ్చాడు. వంగి నా బూటు చూసి, నాలుక చప్పరించాడు.

"రెండు బాణాలు మొనకు మొన ఆనిచ్చిండ్రంటే, పనికిరాదని సర్కారు తీసిపారేసిన మాలు దొరా. ఒక్క బాణం, పక్కకు గుండ్రటి ముద్ర ఉంటే పరీచ్చకు నిలిచింది. పది అంటే పాదం కొలత. పక్కన అచ్చరం పాదం ఎడల్పు."

"మరి నిన్ననే చెప్పకపోతివి?" అన్నాను.

"చెప్త అన్న గదా దొరా. అవసరం లేదంటిరి."

సాయిలు బూటు విప్పి నా ముందు పెట్టాడు. "ఇరిగితే ఇరిగిందనాలె గాని, నవ్వుడేంది దొరా?" అని మూటను కాలితో అవతలికి నెట్టాడు. "ఇగ మేం ఏ బూటూ తొడగం. మంచిదైనా సరే, చెడ్డదైనా సరే."

"అయితే రావు సాబ్..." అని మేనేజరు మొదలుపెట్టాడు.

ఆయన వాక్యం చివర ఏముందో నాకు తెలుసు. "ఆగుండ్రి. నాకు ఇంకో కాలున్నది" అన్నాను.

ఎల్లయ్య స్టోరు మూలకు వెళ్లి, నేను విసిరేసిన వాటిలోంచి ఏడు అంకెది, ఒంటి బాణంది తెచ్చాడు. ఎడమకాలికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. సాయిలు మళ్లీ గుండు ఎత్తాడు. ఈసారి అడగలేదు, నడుము దగ్గర నుంచే వదిలాడు. ఠంగుమంది. పక్కకు దొర్లిపోయింది. వేలికి ఈగ వాలినంత కూడా తెలియలేదు.

"ఏం గాలేదు!" అని ఆనందంతో కేకేశాను.

ఒక్కడూ కదలలేదు.

"ఇందాక గూడ గిదే మాటన్నరు" అన్నాడు సాయిలు.

"అప్పుడు అబద్ధం. ఇప్పుడు నిజం."

"అప్పుడు గూడ గిట్లనే నవ్విండ్రు."

"ఆ నవ్వు వేరు, ఈ నవ్వు వేరు!"

"మాకేం ఎరుక? బూటు ఇప్పుండ్రి, సూస్తం."

విప్పాను. ఇరవై ముగ్గురూ నా పాదం చుట్టూ చేరారు. "వేళ్లు కదిలియ్యుండ్రి" అన్నారు. కదిలించాను. "నొప్పి దాస్తాండేమో రా, దొరలకు అలవాటేనట" అని ఎవరో అన్నారు. "అయితే గిచ్చి సూడాలె" అని ఇంకెవరో తీర్మానించారు. వరుస కట్టారు.

ముందు సాయిలు కూర్చున్నాడు. "మా అయ్య మీ తాత కాళ్లు మొక్కిండు దొరా. నేను జర గిచ్చి సూస్త, ఏమనుకోకుండ్రి" అని బొటనవేలు పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ, గట్టిగా గిచ్చాడు. "నొస్తాందా?" లేదన్నాను. "నిజంగ?" నిజంగా అన్నాను. తర్వాతివాడు మెలితిప్పాడు. ఆ తర్వాతివాడు ఇటుక పెళ్లతో కొట్టి చూశాడు. పత్తి బేళ్లు కట్టే వేళ్లవి, వాటి గిచ్చుడంటే ఏమనుకున్నారు! గిచ్చి తృప్తిపడ్డవాడికల్లా ఎల్లయ్య పాదం కొలిచి ఒంటి బాణం జత ఇస్తున్నాడు. జత అందుకున్నవాడొకడు ముచ్చటపడి మళ్లీ వరుస చివర నిలబడ్డాడు. పదిహేనో మనిషి దగ్గర నిజంగానే నొప్పి మొదలైంది. నొస్తుందంటే బూటు మంచిది కాదంటారు. కాబట్టి వరుస చివరి మనిషి దాకా లేదు, లేదు, లేదు అంటూ కూర్చున్నాను.

సాయంత్రానికి అందరి కాళ్లకూ బూట్లున్నాయి, నాకు ఉద్యోగం ఉంది, నడవడానికి కాళ్లు మాత్రం లేవు. సాయిలు నన్ను వీపున వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి కాంపౌండరు రెండు పాదాలనూ మార్చి మార్చి చూశాడు.

"కుడికాలు మీద గుండు పడ్డది. సరే, సమజైంది. ఈ ఎడమకాలు గుమ్మడికాయ తీర్గ ఎందుకు వాచింది? దీని మీద ఏం పడ్డది?"

"దాని మీద ఏం పడలే సాబ్" అన్నాడు సాయిలు. "మేం దొరను నమ్మెటాలకు గట్లయింది."

ఆ బల్ల మీద పడుకునే, మా తాతముత్తాతలందరినీ క్షమించమని వేడుకుని, ఒక ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నాకు నొప్పి పుడితే, పుట్టిన మరుక్షణమే, పుట్టినంత మేరకూ, ఎవరి ముందైనా సరే, గొంతెత్తి అరుస్తాను. ఒకవేళ లెక్క తప్పవలసి వస్తే ఎక్కువే అరుస్తాను గాని తక్కువ అరవను.

కాంపౌండరు టింక్చరు సీసా మూత తీస్తుండగానే ఆ ప్రతిజ్ఞను అమలులో పెట్టాను. చుక్క ఇంకా కాలి మీద పడనే లేదు.