చెవితో పెట్టిన సుద్దగీత

ఆనాడు ఆమె కళ్లకు ఏ దోషమూ లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు, అలా చెప్పకుండానే మూడేళ్లు గడిపాను. నా ఈడువాళ్లు, అంటే యాభై దాటి, ఇన్నేళ్లూ తమ చేతిలో ఉన్న పనిలోకి మిషనో ఇంకొకటో వచ్చి కూర్చోవడం చూస్తున్నవాళ్లు, ఇది చదివి నన్ను తిట్టుకున్నా సరే, జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

పోయిన నెల మార్కాపురం బస్టాండు దగ్గర డబ్బులు తీసే మిషను ముందు వరుసలో నిలబడి ఉన్నాను. నా ముందున్న పెద్దావిడ లోపలికి పోయి, కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుని, ఏదీ నొక్కకుండానే వెనక్కి తిరిగి తన కార్డు నా చేతిలో పెట్టి, ఎవరికీ తెలియకుండా దాచుకోవలసిన ఆ నాలుగంకెలూ వరుసంతా వినబడేలా చెప్పింది. మెల్లగా చెప్పమ్మా అన్నాను. ఆ ఒక్క మాటకు ఆమె తల పక్కకు వంచి నవ్వింది.

"నువ్వా అబ్బయ్యా! గొంతు విని పట్టినాను చూడు."

నేనూ అప్పుడే గుర్తుపట్టాను. ఇరవై ఏళ్ల వయసు నుంచి నేను అక్కా అని పిలిచిన మనిషి. అంకెలు కనబడడం లేదా అక్కా అని అడిగాను.

"కనపడతాయి. నా కళ్లను నేనే నమ్మను. ఆ పొద్దు గీతలు తప్పు పెట్టి పదిమంది కూడు చెడగొట్టినాను గదా."

వెనకాల ఎవరో త్వరగా కానివ్వమన్నారు. నేను డబ్బు తీసి, కార్డుతోపాటు ఆమె చేతిలో పెట్టాను. ఆమె పెద్దారవీడు వైపు పోయే ఆటో ఎక్కి వెళ్లిపోయింది. నేను ఆ ఆటో వైపే చూస్తూ నిలబడ్డాను. వరుసలో నా వంతు వచ్చిందన్న సంగతి కూడా పక్కనాయన చెబితేగాని తెలియలేదు.

కొనకనమిట్ల దగ్గర మా మెట్ట చేను వరుసగా రెండేళ్లు ఎండిపోయినప్పుడు నాయన నన్ను పలకల ఫ్యాక్టరీలో చేర్చాడు. బడిపిల్లల పలకలకు గిరాకీ ఇంకా ఉన్న రోజులవి. తర్వాత పిల్లలు పలకలు వదిలేశారు, మా యజమానులు గోడలకూ నేలకూ వేసే రాతి బిళ్లల వైపు మళ్లారు. సరుకు మారినా రాయి అదే, రాయిని ఎంచే చేతులూ అవే. ఆ చేతుల్లో మొదటివి అక్కవి. ఆమె రాయిని మూడు వేళ్ల మీద నిలిపి, వేలి కణుపుతో ఒక్కసారి తట్టేది. మంచి రాయి కంచు గిన్నెలా మోగుతుంది. లోపల నెర్రె ఉన్న రాయి పైకి ఎంత నున్నగా ఉన్నా పచ్చికుండలా మొద్దుగా పలుకుతుంది. నాకు ఆ తేడా పట్టుబడడానికి నెల పట్టింది. ఆ నెలంతా ఆమె నా చేత కళ్లు మూయించి వినిపించేది, తప్పు చెబితే మిగతా ఆడవాళ్ల ముందు ఈ అబ్బయ్యకు చెవులు అలంకారానికి పెట్టినాడు దేవుడు అని నవ్వించేది. నేను సూపర్‌వైజరు అయ్యాక కూడా ఆమె ఆ మాట మానలేదు, నాకూ కోపం రాలేదు.

ఆ రోజుల్లో శనివారం సాయంత్రం యజమాని తండ్రి గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఒక్కొక్కరినీ వరుస పెట్టి పిలిచి కూలి చేతిలో పెట్టేవాడు. మనవరాలికి జ్వరం తగ్గిందా అని అడిగేవాడు, పనికి ఆలస్యంగా వచ్చినవాళ్లను అక్కడే గదమాయించేవాడు. ఎవరినైనా పనిలోంచి తీసేయాలన్నా ఆ కుర్చీలోంచే, వాళ్ల మొహం చూసే చెప్పాలి. అది ఆయనకు ఎంత కష్టమయ్యేదంటే, తీసేద్దామనుకున్న మనిషిని ఇంకో వారం చూద్దామంటూ ఏళ్ల తరబడి ఉంచేసిన సందర్భాలు నాకు తెలుసు. తర్వాత అందరికీ బ్యాంకు కార్డులు వచ్చాయి. అక్క తన కార్డును బైబిలు అట్టలో దాచుకుంది. కూలి నేరుగా ఖాతాలో పడుతుంటే గేటు దగ్గర కుర్చీతో పనిలేకపోయింది. నాకు కూడా అది హాయిగానే ఉందని ఒప్పుకోవాలి.

మూడేళ్ల కిందట కెమెరా మిషను వచ్చింది. రాళ్లు పట్టీ మీద కదిలిపోతుంటే అది చూసి మంచివి ఒక వైపు, చెడ్డవి ఇంకో వైపు తోస్తుంది. అయితే ఏది మంచిదో ఏది చెడ్డదో ముందు దానికి నేర్పాలి. బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు, మీలో బాగా ఎంచే మనిషి చేత రాళ్ల మీద గుర్తులు పెట్టించండి, మిషను వాటిని చూసి నేర్చుకుంటుంది అన్నాడు. నేను అక్కను చూపించాను. ఎందుకని ఆమె అడిగితే, పైదేశపు బేరగాళ్లకు మన పనితనం చూపించడానికని చెప్పాను. అది నా మొదటి అబద్ధం. ఆమె ఆ నెలంతా సుద్దముక్క పట్టుకుని, మంచి రాయికి నిలువు గీత, చెడ్డ రాయికి అడ్డగీత, ఎంత శ్రద్ధగా పెట్టిందో!

నెలాఖరున ఇంజనీరు మచ్చలేని రాళ్లు కొన్ని ఏరి పక్కన పేర్చాడు. వాటన్నిటి మీదా అడ్డగీతలే. ఈమెకు చూపు తగ్గినట్టుంది, ఈ గీతల్ని లెక్కలోకి తీసుకోను, కంటి డాక్టరుకు చూపించండి అని అందరి ముందూ అన్నాడు. అక్క గీతలు పెట్టింది చెవితో. మిషనుకు ఉన్నది కన్ను మాత్రమే. ఇంజనీరు అటు పోగానే నేను వంగి ఒక రాయిని తట్టాను. పచ్చికుండే. రెండోది తట్టాను. అదీ అంతే. ఆమె వైపు చూశాను. ఆమె తన అరచేతులు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసుకుంటోంది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే మిషను పని వెనక్కి పోతుంది, మిషనుకు ఇన్‌చార్జిని చేస్తానని యజమాని నాకిచ్చిన మాట కూడా వెనక్కి పోతుంది. నోరు మూసుకున్నాను.

వారం తిరక్కుండా అక్కనూ, ఆమెతోపాటు ఎంచే ఆడవాళ్లు పదిమందినీ ఆపేశారు. ఆఖరి కూలి ఖాతాల్లో పడింది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఎవరూ ఎవరి మొహమూ చూడనక్కర్లేకపోయింది. ఆ పదిమందీ మాత్రం ఒకరి మొహం చూశారు, అది అక్కది. ఆమె గీతలు తప్పు పెట్టబట్టే తమను తీసేసి మిషనును నమ్ముకున్నారని వాళ్ల నమ్మకం. "కళ్లద్దాలు పెట్టుకోకనే మా మెడలు కోసినాది" అని వాళ్లలో ఒకామె సంతలో నా ఎదుటే అంది. అప్పుడూ నేను బెండకాయలు ఏరుకుంటూ ఉండిపోయాను. అక్క ఊళ్లోకి వచ్చిన కంటి వైద్యం వాళ్ల దగ్గర అద్దాలు తెచ్చుకుందని తెలిసింది. వయసుకు వచ్చే చత్వారమే, ఇంకేం లేదన్నారట. ఆమె నమ్మలేదు.

ఆ అడ్డగీత రాళ్లలో ఒకదాన్ని ఇంటికి తెచ్చి నీళ్ల తొట్టి పక్కన, చూరు కింద వేసుకున్నాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. రెండో వానాకాలానికి అది ఎవరూ తాకకుండానే నిలువునా రెండుగా విడిపోయింది.

మిషను మీద నాకు కోపం లేదు. రోజంతా అలుపు లేకుండా చూస్తుంది, చూసినంతవరకు సరిగ్గానే చూస్తుంది. దానికి వినడం నేర్పకుండా, విన్న మనిషిని గుడ్డిదన్నది మేము. ఇప్పుడు నా పనిని కూడా ఒక ఫోనులో పెట్టేస్తారని అనుకుంటున్నారు. పెడితే పెట్టనీ. రేపు ఆ గేటు దాటి నేను బయటికి నడిచేటప్పుడు ఈ మాట నా లోపల ఉండకూడదు, అంతే. మిషను దగ్గర అక్కను శబ్దపరీక్షకు కూర్చోబెట్టాలని, ఆనాడు తప్పు జరిగింది నా వల్లనని యజమానికి చెప్పేశాను. ఆలోచిస్తానన్నాడు. నన్ను గురించి కూడా ఆలోచిస్తాడు కాబోలు.

ఆ తర్వాతి ఆదివారం రాతి ముక్కలు రెండూ గోనెసంచిలో కట్టుకుని బండి మీద వాళ్ల ఊరికి పోయాను. ప్రార్థన ముగిసి అందరూ చర్చి బయటికి వస్తున్నారు. అక్కతో పనిచేసినవాళ్లు అయిదారుగురు ఒకచోట, అక్క కాస్త ఎడంగా వేరేచోట. ఆ ఎడం ఎప్పటినుంచో నాకు తెలుసు. ఇటు రమ్మని అందరినీ పిలిచాను. ముక్కలు మెట్టు మీద పెట్టాను. అడ్డగీత ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు, సగం ఒక ముక్క మీద, సగం ఇంకోదాని మీద ఉంది.

అక్క మెట్టు మీద కూర్చుని, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒక ముక్కను మూడు వేళ్ల మీద నిలిపి, అలవాటు చొప్పున కణుపుతో తట్టి, తల వంచి వింది. నేను ఆమె కాళ్ల దగ్గర కింది మెట్టు మీద కూర్చున్నాను.

"అక్కా, నీ గీత ఒక్కటీ తప్పు పోలేదు. ఆ పొద్దే నేను తట్టి చూసినాను, తెలిసే నోరు మూసుకున్నాను. వీళ్ల కూడు పోయినాది నీ కళ్ల వల్ల కాదు. నీ కళ్లు బాగున్నాయి. తప్పు నాది, నన్ను మన్నించు."