నంబరు లేని హాజరు

మా కాలేజీలో రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి వెళ్లాలంటే అప్పటిదాకా రావలసిన క్రెడిట్లలో సగమైనా ఉండాలి. నాకు ఒక్క పేపరు తక్కువైంది. ఆ పేపరు బాగా రాశానని నాకు తెలుసు కాబట్టి రీవాల్యుయేషన్‌కు పెట్టాను. ఫలితం ఎప్పుడొస్తుందని అడిగితే ఆఫీసు గుమాస్తా, "వచ్చినప్పుడు వస్తదమ్మా" అన్నాడు. క్యాంపస్‌లో అంత కచ్చితమైన జవాబు నాకింకెవరూ ఇవ్వలేదు.

ఈలోపు మూడో ఏడాది క్లాసులు మొదలయ్యాయి. ప్రమోట్ కానివాళ్ల పేరు రిజిస్టర్లో ఉండదు. నన్ను రావొద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. రేపు పాసైతే పాఠాలు పోకూడదని రోజూ లాలాపేట్‌లోని మా రూము నుంచి నడిచి వెళ్లి చివరి బెంచీలో కూర్చునేదాన్ని. మేడం హాజరు తీసుకునేటప్పుడు అందరి నంబర్లూ వచ్చేవి, నాది తప్ప.

నా రూమ్మేట్‌ది అనంతపురం వైపు. ఇద్దరిదీ ఒకే క్లాసు. పొద్దున పూట తార్నాకలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు పోయేది. "నువ్వెట్లాగూ క్లాసులోనే ఉంటావు కదే, నా నంబరుకు పలుకు. నీదేం పోతుంది?" అంది. నిజమే, పోవడానికి నాకేముంది? ఆమె నంబరు రాగానే తల వంచుకుని "ప్రెజెంట్ మేడం" అనేదాన్ని. టిక్కు పడేది. తార్నాకలో ఉన్న మనిషి ఇక్కడ హాజరు. ఇక్కడున్న నేను ఎక్కడా లేను.

సెమిస్టర్ ముగిసే వేళకు ఫలితం వచ్చింది. పాసయ్యాను, అదీ మంచి మార్కులతో. పరుగున ఆఫీసుకు వెళ్లాను. తోడుగా రూమ్మేట్ కూడా వచ్చింది.

గుమాస్తా కంప్యూటర్లో చూశాడు. "కంగ్రాట్స్ అమ్మా, థర్డ్ ఇయర్‌కు ప్రమోట్ అయినవ్. కానీ అటెండెన్స్ లేదు. డిటెయిన్ అయితవ్."

"రోజూ కూర్చున్న సార్!"

"రిజిస్టర్ల పేరే లేదు గదా, ఎట్ల కూర్చున్నవ్?"

"రిజల్ట్ లేటయితే నా పేరెట్ల ఉంటది సార్?"

"గది ఎగ్జామ్ బ్రాంచోళ్లను అడుగు. గీడ అటెండెన్సే చూస్తం. కూర్చున్నట్టు ప్రూఫ్ ఏమన్న ఉన్నదా?"

ఉంది. రూమ్మేట్ పేరు పక్కన పడ్డ టిక్కుల్లో చాలావరకు నా గొంతువే. ఆ మాట అన్నానంటే ఆమె కూడా డిటెయిన్ అవుతుంది. ఆమె నా చున్నీ అంచు పట్టుకుని నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద, గుమాస్తా మీద, తీరిగ్గా వచ్చిన ఆ ఫలితం మీద. "లేదు సార్" అన్నాను.

మేడం నా తరఫున ఒక మాట చెబుతుందేమోనని స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వెళ్లాను. రోజూ తల వంచుకుని ఇంకొకరి నంబరుకు పలికినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను? వెనక్కి వచ్చేశాను.

డిటెయిన్ అయిన సెమిస్టర్ మళ్లీ మొదలయ్యేది మరుసటి ఏడే. ఏడాది పోయింది. ఫోన్లో చెబితే నాన్న, "పాసైన అంటివి, మళ్ల గదే క్లాసేంది బిడ్డా?" అన్నాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు అర్థం కాలేదు. నాకైతే అర్థమైందా?

ఈ ఏడాది జూనియర్ల మధ్య కూర్చున్నాను. మొదటి రోజు నా నంబరు రిజిస్టర్లో చిట్టచివర వచ్చింది. "ప్రెజెంట్ మేడం" అన్నాను, తల ఎత్తుకునే.

అదే మేడం. పెన్ను ఆపి నావైపు చూసింది. "నిరుడు ఈ గొంతు వేరే నంబరుకు పలుకుతుండె."

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "మీకు తెలుసా మేడం?"

"తెల్వకుంట ఉంటదా? ఒక్క రోజన్న నాగా పెట్టకుంట వచ్చినదానివి నువ్వే. ఒక్కసారన్న వచ్చి అడుగుతవేమో, రోజూ వచ్చినవని రాసిద్దామనుకున్న."

తెలిసుండి మీరే ఎందుకు చెప్పలేదని గొంతు దాకా వచ్చింది. మింగేశాను. మేడం నా నంబరు పక్కన టిక్కు పెట్టి, కూర్చోమంది.

కూర్చున్నాను. బోర్డు మీద పాఠం మొదలైంది. అది నాకు నిరుడే వచ్చు.