వదినా మరిదీ ఒకే సర్వర్‌లో

2022లో నేను నందిగామలో ఉంటూ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి డిప్లాయ్‌మెంట్ పని చూసేవాణ్ణి. అంటే దుకాణాల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడం, అది ఆగితే పరుగెత్తడం. జగ్గయ్యపేటలో విత్తనాలు, పురుగుమందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే సత్యవతి గారు మా కస్టమరు. ఒకరోజు ఫోన్ చేసి రమ్మన్నారు.

"మా మరిది కూడా మీ సాఫ్ట్‌వేరే పెట్టించుకున్నాడంట గదండీ?"

అవునన్నాను. ఉమ్మడి వ్యాపారం విడిపోయాక ఆమె మరిది శ్రీనివాసరావు రోడ్డుకి అవతల కొట్టు తెరిచాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మాదేమో మల్టీ టెనెంట్ పద్ధతి. చాలా దుకాణాల వివరాలు ఒకే సర్వర్‌లో, ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. ఎవరి లాగిన్‌కి వాళ్లవే కనిపిస్తాయి.

"ఏ ఊరి రైతు నా దగ్గర ఏ విత్తనం కొంటున్నాడో వాడికి తెలిస్తే నేను కొట్టు మూసుకోవాల్సిందే. నా డేటా నా కొట్లోనే పెట్టండి."

కొట్లో సర్వర్ పెడితే కరెంటు పోయినా, డిస్కు పాడైనా చూసుకునే మనిషి కావాలి. ఆమెకి లేరు. కోల్డ్ స్టోరేజీలో అందరి మిరప బస్తాలూ ఒకేచోట ఉన్నా ఎవరి మార్కు వాళ్లకుంటుంది కదా అన్నాను.

"ఉంటదండి. బస్తాలు మారిపోయిన రోజులు కూడా ఉన్నాయి."

అదీ నిజమే. ప్రోగ్రాంలో ఎవరివి వాళ్లకే చూపించాలన్న షరతు ఒక్కచోట తప్పితే చాలు, ఒకరిది ఇంకొకరికి కనిపిస్తుంది.

మా మేనేజర్ మాత్రం, "ఒక్క కొట్టు కోసం పద్ధతి మారుస్తామా? వెళ్తే వెళ్లనివ్వు," అన్నాడు. నేను వెళ్లనివ్వదలచుకోలేదు. మధ్యే మార్గం ఒకటుంది: సర్వర్ ఒకటే, డేటాబేస్ మాత్రం ఎవరిది వాళ్లకి, బ్యాకప్ కూడా విడిగా. టెస్ట్ సర్వర్ మీద అలా చేసి, కొత్త అప్‌డేట్లు ఒకే స్క్రిప్ట్‌తో అన్నిటికీ వెళ్తాయని నడిపి చూపించాను. తప్పులు దొర్లాయి, దిద్దాను, మళ్లీ చూపించాను. చివరికి, "సరే, బాధ్యత నీదే," అన్నాడు.

ఆ మాట చెబితే సత్యవతి గారు రోడ్డుకి అవతల కొట్టు వైపు చూశారు.

"మరి మా మరిదిది?"

"ఆయన అడగలేదండి."

"అడగడు, మొహమాటం మనిషి. వాడిది కూడా విడిగా పెట్టండి. నాకున్న భయం వాడికుండదా?"

కొట్లు మూసి ఉండే ఆదివారం నాడు ఇద్దరివీ మార్చాను. మర్నాడు శ్రీనివాసరావు గారికి చెప్పాను.

"నేనే అడుగుదామనుకుంటున్నా. మీకెట్లా తెలిసింది?"

"మీ వదిన గారు చెప్పారండి."

ఆయన గుమాస్తాకి కొట్టు చూస్తుండమని చెప్పి, రోడ్డు దాటి ఆమె కొట్టు మెట్లెక్కాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

అప్పటిదాకా కొత్త కస్టమర్ని నేను మొదట అడిగేది, రోజుకెన్ని బిల్లులు, ఎంతమంది వాడతారు అని. ఇప్పుడు ముందుగా అడిగేది వేరు: మీ వివరాలు ఎవరి కంట పడకూడదు?