క్లాంపు కింద పసుపు

బండి స్టార్టు కాకపోతే మా వైపు జనం మొదట బ్యాటరీని తిడతారు, తర్వాత దాన్ని అమ్మినవాణ్ణి తిడతారు. బ్యాటరీకీ వైరుకీ మధ్య అరచేతిలో పట్టేంత లోహపు ముక్క ఒకటి ఉందని, వందల ఆంపియర్ల కరెంటు దాని గుండానే పోవాలని ఎవరికీ గుర్తు రాదు. దాన్ని క్లాంపు అంటాం. ఊళ్ళో ఇల్లు కట్టుకోగలిగినంత డబ్బు పోసి పొక్లెయిన్ కొన్నవాడు కూడా క్లాంపు దగ్గరికి వచ్చేసరికి అంగట్లో చేతికి ఏది తగిలితే అది తీసుకుంటాడు. దీని మీద నేను చాలామందితో పోట్లాడాను. పెద్దరికం వచ్చింది కాబట్టి ఇప్పుడైనా వింటారనుకున్నాను గానీ, పెద్దరికం వస్తే కుర్చీ వేస్తారు, వినరు.

పిడుగురాళ్ల వైపు సున్నపురాయి క్వారీల్లో నేను కంప్రెసర్లూ పొక్లెయిన్లూ నడిపాను. రాతి మీద పనిచేసే యంత్రం ఇంజను ఆపేదాకా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకుకి క్లాంపు వదులవుతుంది. వదులైతే మావాళ్ళు సిగరెట్టు పెట్టెలో రేకు మడిచి సందులో దూర్చేవారు. అదీ ఊడితే రాయి తీసుకుని నెత్తిన ఒక్కటి ఇచ్చేవారు. పైన కొడితే, క్లాంపు పట్టుకునే సీసపు మొలక ఉంటుందే, ఆ పోస్టు చుట్టూ సీలు పగిలి యాసిడ్ ఊరుతుందని చెబితే నవ్వేవారు. ఇంకొందరు అన్నానికి కూర్చున్నప్పుడు కూడా ఇంజను ఆపేవారు కాదు, మళ్ళీ స్టార్టు కాదేమోనన్న భయంతో. డీజిలు తగలబెట్టడానికి భయం లేదు గానీ రెండు బోల్టులు సరిగ్గా బిగించడానికి ఓపిక లేదు.

పని మానేసి మా ఊరు చేరాక వీటి గొడవ వదిలిపోయిందనుకున్నాను. మా ఊరు రాజుపాలెం మండలంలో, సాగర్ కుడి కాలువ నీళ్ళు అందే చివరి పొలాల దగ్గర ఉంటుంది. చివరి పొలాలంటే పైనున్నవాళ్ళంతా తాగాక మిగిలినవి మాకు. ఆ చివరిలోనూ చివరిది మా అక్క మిరప చేను. నాకంటే పెద్దది, ఇప్పటికీ తన చేను తానే చూసుకుంటుంది.

ఆ ఏడు దసరాకి ముందు వానలు ఒక్కసారి కుమ్మేసి, తర్వాత ముఖం చాటేశాయి. ఆ కుమ్మిన వానకి మా పిల్లకాలువ గట్టు జారి అడ్డంగా పూడిపోయింది. మిరప పూతకొచ్చింది, ఆకు వాడుతోంది. మా వంతు నీళ్ళు పండగ మర్నాడు పొద్దున వదులుతారు. పూడిక తీయకపోతే ఆ నీళ్ళు పక్కనున్న వాగులోకి పోతాయి, మళ్ళీ వంతు వచ్చేదాకా మొక్క బతకదు. అందుకని రైతులంతా కలిసి పక్క ఊరి కుర్రాణ్ణి, ముప్పై ఏళ్ళవాణ్ణి, పొక్లెయిన్ తో రమ్మన్నారు. యంత్రం వాడి సొంతం, నడిపేదీ వాడే. నన్ను పెదనాన్నా అని పిలుస్తాడు. ముందురోజు ఆయుధపూజ చేసుకుని, విజయదశమి రోజు పొద్దున్నే యంత్రాన్ని కాలువ దగ్గర దించాడు. బకెట్టు పళ్ళకి నిమ్మకాయలు, దాని ఇనప చెయ్యి బూమ్ కి బంతిపూల దండ. కాసేపు తవ్వి, టిఫిను తినడానికి ఇంజను ఆపాడు.

మళ్ళీ తాళం తిప్పితే టిక్కుమంది. అంతే. లైట్లు వెలుగుతున్నాయి, హారను మోగుతోంది, ఇంజను తిరగదు.

"బ్యాటరీలు పోయినయ్ పెదనాన్నా," అన్నాడు. "పోయినేడే కొన్నా. మోసం చేశాడు షాపువాడు."

"లైటు వెలుగుతంటే బ్యాటరీ పోయిందంటావేందిరా?"

"లైటుకి చాలింది గదా అంటే ఎట్టా? దానికెంత కావాల? దీనికెంత కావాల?"

"ఆ మాటే నేనూ అంటున్నా. అంత కరెంటు ఎక్కడో ఆగిపోతంది. ఎక్కడో చూద్దాం, దిగు."

ఈలోపు మా అక్క గట్టు మీదికి వచ్చి నిలబడింది. "ఏందిరా, పెళ్ళికొడుకు ముస్తాబయ్యి కదలడేంది?" అని అడిగింది. ట్రాక్టరయితే నలుగురం తోసి స్టార్టు చేసేవాళ్ళం. పొక్లెయిన్ ను తోయడమంటే మిద్దెను తోయడమే.

ఇంటి నుంచి నా వోల్టు మీటరు తెప్పించాను. దాని ఒక మొన బ్యాటరీ పోస్టు మీద, రెండో మొన దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టి వాణ్ణి తాళం తిప్పమన్నాను. రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి కాబట్టి ముల్లు దాదాపు కదలకూడదు. కదిలింది, అదీ బాగా. అంటే రెండింటి మధ్యా ఏదో ఉంది. నెగెటివు క్లాంపు ముందు ఊడదీసి, తర్వాత పాజిటివు తీసి చూస్తే, పోస్టు చుట్టూ ఎండిపోయిన పసుపు. దాని మీద గంధం, కుంకుమ.

"ఇదేందిరా?"

"పూజ చేశాం గదా. అన్నీ విప్పి కడిగి బొట్టు పెట్టాం. ప్రాణమంతా ఈడే ఉంటదని మా అమ్మ ముందు దీనికే పూసింది."

తడిగా ఉన్నప్పుడు ఎలాగో పనిచేసింది. ఎండి గట్టిపడ్డాక అడ్డుగోడయింది. మా పల్నాడులో తప్ప ఇంకెక్కడైనా బ్యాటరీకి ఇంత మర్యాద చేస్తారో లేదో నాకు తెలియదు. గరుకు కాగితం తీశాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"పూజ చేసిన పసుపు తుడిచేస్తావా? నిన్ననే గదా పూసింది. మా అమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానీదు."

నాకు ఒళ్ళు మండింది గానీ నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "దాని మూత మీద మళ్ళీ పెట్టరా బొట్టు. చోటు మారిస్తే అమ్మవారికి కోపం రాదు. నా చేనికి నీళ్ళు రాకపోతే మాత్రం నాకొస్తది."

వాడు చెయ్యి తీసేశాడు. రెండు బ్యాటరీల పోస్టులనూ క్లాంపుల లోపలి భాగాలనూ లోహం మెరిసేదాకా రుద్దాను. పాజిటివు క్లాంపు పెట్టి బిగించమంటే వాడు తన బలమంతా స్పానరు మీద చూపించాడు. క్లాంపు చెవి పుటుక్కున విరిగింది. పల్చటి సీసపు పోత, చూడటానికి మాత్రం లావు.

పండగ రోజు కొట్లన్నీ మూసి ఉంటాయి. నరసరావుపేటలో బండ్ల కరెంటు పని చేసే సాయిబు ఒకాయన ఉన్నాడు, నాకు క్వారీ రోజుల నుంచీ స్నేహితుడు. ఫోను చేస్తే, తెరిచే ఉన్నాను రమ్మన్నాడు. కుర్రాడి బైకు మీద ఇద్దరం వెళ్ళాం, విరిగిన ముక్కా వైరూ వెంటబెట్టుకుని.

ఆయన బల్ల మీద మూడు రకాలు పెట్టాడు. ఒకటి తళతళలాడేది, పైన మీట నొక్కితే పట్టుకుంటుంది, ఎత్తితే వదిలేస్తుంది. కుర్రాడు దాన్నే అందుకున్నాడు.

"అది కారుకి పెట్టుకో బేటా," అన్నాడు భాయ్. "నీ యంత్రం వణికే వణుకుకి ఆ మీట దానంతటదే లేస్తది."

రెండోది వాడి యంత్రం మీద విరిగిన రకమే. వైరు పోగుల్ని ఒక రేకు కింద పెట్టి రెండు స్క్రూలతో నొక్కుతుంది. ఆ స్క్రూల కింద పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, తెగినచోట యాసిడ్ ఆవిరి తగిలి పచ్చగా చిలుం పడుతుంది. మూడోది నేను చూడగానే చేతిలోకి తీసుకున్నాను. బరువైన ఇత్తడి, మీద తగరం పూత, మెరుపు లేదు. వైరు చివరకి విడిగా లగ్గు, అంటే కన్నమున్న లోహపు తొడుగు, తొడిగి దాన్ని ఈ క్లాంపుకి బోల్టుతో కట్టాలి. పాజిటివు పోస్టు కాస్త లావు, నెగెటివు సన్నం కాబట్టి విరిగింది దేనిదో చెప్పి ఆ సైజుదే అడిగి తీసుకున్నాను. ఒకే సైజువి రెండు తెచ్చి సన్నదానికి రేకు చుట్టేవాళ్ళని ఎంతమందిని చూశానో.

అంతవరకూ ఇద్దరిదీ ఒకటే మాట. లగ్గు దగ్గర తగాదా వచ్చింది.

"టంకం పొయ్యి భాయ్, గట్టిగా ఉంటది," అన్నాను.

"గట్టిగా ఉంటదనే పొయ్యను. టంకం పోగుల్లోకి ఎక్కి వైరు పుల్లలాగా అయిద్ది. ఊగితే ఆడే ఇరుగుద్ది. వేడెక్కితే కరుగుద్ది. ప్రెస్సు చేస్తా."

"నేను నడిపినంత కాలం టంకమే పోయించా."

"నడిపినంత కాలం నా దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చావు గదా అన్నా. అందుకే నా పిల్లలు చదువుకున్నారు."

కుర్రాడు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నేను ఒప్పుకోలేదు గానీ చేసేది ఆయన కాబట్టి ఊరుకున్నాను. పొడుగు పిడుల ప్రెస్సుతో లగ్గు నొక్కి, రబ్బరు గొట్టం తొడిగి వేడి చేసి బిగుసుకునేలా చేశాడు. తర్వాత వైరు మీద కాలు పెట్టి లగ్గు పట్టుకుని నడుము వంచి లాగాడు. రాలేదు.

తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. అక్క గట్టు మీదే ఉంది. బ్యాటరీలు రెండూ పెట్టెలో తాడుతో కట్టి ఉండటం నేను అప్పుడే చూశాను. బ్యాటరీ ఊగుతుంటే ఎంత మంచి క్లాంపైనా నిలవదు. పాత టైరు ముక్క కోసి వాటి కింద పరిచి, ఇనపపట్టీ వేసి కదలకుండా కట్టించాను. క్లాంపు పోస్టు అడుగుదాకా దిగేలా చేత్తో నొక్కి, తిప్పితే తిరగనంత వరకే బిగించి, స్పానరు వాడి చేతిలోంచి లాక్కున్నాను. నెగెటివు చివర పెట్టాం. గ్రీజు అన్నీ అయ్యాక పైన రాశాను. ముందే లోపల రాస్తే పసుపు పూసినట్టే.

ఇంజను అందుకుంది. వాడు ఆనందంగా బూమ్ ఎత్తబోతుంటే ఆపమన్నాను.

"ఆపితే మళ్ళీ కదలకపోతే?"

"కదలకపోతే ఇప్పుడే తెలవాల. రేపు పొద్దున నీళ్ళొచ్చాక కాదు."

"పెదనాన్నా, నా మాట విను. తవ్వనీ ముందు."

"ఆపరా."

వాడు అక్క వైపు చూశాడు. అక్క తాళం వైపు గడ్డం ఊపింది. వాడు ఆపాడు. కాసేపు ఆగి మళ్ళీ తాళం తిప్పమన్నాను, అందుకుంది. మళ్ళీ ఆపించి మళ్ళీ తిప్పించాను. వెంటనే నాలుగు క్లాంపుల మీదా చెయ్యి పెట్టి చూశాను. ఎక్కడైనా పట్టు సరిగా లేకపోతే అది వేడెక్కి చెబుతుంది. నాలుగూ చల్లగా ఉన్నాయి. భాయ్ నొక్కిన లగ్గు కూడా.

పొద్దు గూకేదాకా తవ్వాడు. ఇంకొంచెం మిగిలితే మర్నాడు తెల్లారగానే వచ్చాడు, రాత్రంతా చల్లబడ్డా మొదటి తిప్పుకే స్టార్టయింది. ఆఖరి బకెట్టు తీస్తుండగా పై నుంచి నీళ్ళు కనిపించాయి, ముందు నురగా చెత్తా, వెనక ఎర్రనీళ్ళు. మధ్యాహ్నానికి అక్క చేలో సాళ్ళ వెంట పారాయి.

అక్క పార పట్టుకుని మడవ తిప్పుతోంది. సంతోషంగా ఉంటుందనుకుని దగ్గరికి వెళ్ళాను.

"ఇట్రా, ఇది చూడు," అంది. కాలువలోంచి తీసిన మట్టంతా ఆమె గట్టు మీద పోశాడు వాడు. అది జారి చివరి సాలు సగం కప్పేసింది. "నీళ్ళు లేక చచ్చే మొక్కల్ని బతికిచ్చి, బతికిన మొక్కల్ని పూడ్చిపెట్టాడు. పిలువు ఆ పెళ్ళికొడుకుని."

పిలిచాను. వాడు యంత్రం దిగి, పార అడిగి తీసుకుని, మొక్కల మీది మట్టి తీయడం మొదలుపెట్టాడు. అక్క పక్కనే నిలబడి ఒక్కో మొక్కా చూపిస్తోంది.