ఒక తాత్కాలిక అనుమతి ముద్ర

రాజ్యాల తలరాతలు మార్చిన రాజముద్రలు ఎన్నో ఉండవచ్చు గాని, నగరంలో చప్పుడు చేసుకోవడానికి తాత్కాలిక అనుమతులిచ్చే గుమాస్తాగారి ముద్ర ముందు అవన్నీ దిగదుడుపే. తేదీ మూడుసార్లు చదివి, ముద్రను చెవిదాకా ఎత్తి, కళ్లు మూసుకొని ధనామని వేస్తారు. ఇక ఎవరు ఫిర్యాదు చేస్తారోనని రోజంతా గుండె పీచుపీచుమంటూనే ఉంటుంది. రిటైర్మెంటు పదకొండు నెలల్లో ఉంది. ఒక్క తప్పు ముద్ర పడితే పెన్షన్ గాలిలో దీపమే. నిన్న పక్కగదిలోని అధికారిణి పిలిచింది.

"మీ మీద ఫిర్యాదండీ, చప్పుడు గురించి."

ఆయన ఆసుపత్రి వెనక బండలు పగలగొట్టడానికి మొన్ననే అనుమతిచ్చారు.

"ఆసుపత్రి వాళ్లా మేడమ్? దూరం నేనే టేపుతో కొలిచాను..."

"ఆసుపత్రేంటండీ బాబూ! ఫిర్యాదు నాదే. మీరు ముద్ర కొట్టినప్పుడల్లా నా టీ ఒలికిపోతోంది."

ఇప్పుడు ఆయన బల్ల మీద నాలుగు మడతల తువ్వాలు ఉంది.