వెనుక వైపు

మగ్దలేనమ్మ ఎవరి క్రోషే చదరం అందుకున్నా ముందు తిప్పి వెనుకవైపు చూస్తుంది. బదిలీపై వెళ్తున్న పాస్టరుగారి కోసం లక్సెట్టిపేట సంఘ స్త్రీలు ఇలాంటి చదరాలు కలిపి దుప్పటి అల్లుతున్నారు. ప్రతి చదరంలో తెల్లదారం వల, నీలిదారం వల ఒకదానిలో ఒకటి చిక్కుకుంటూ సాగాలి. సిలువ రెండు వైపులా పడాలి. ఏ చదరం ఉండాలో ఆమే తేల్చేది.

తన కోడలు స్తుతి అల్లిన చదరాన్ని మగ్దలేనమ్మ బల్లమీదికి విసిరింది.

"గిది దుప్పట్లకు పోదు. పొయ్యిమీది గిన్నె దించనీకి పనికొస్తది."

స్తుతి, అత్త అల్లిన చదరాన్ని అందుకుని తిప్పింది. తెల్లదారం ఒకచోట తప్పు వైపుకు పోయింది. వెనుక సిలువకు ఒక చెయ్యి లేదు.

"అత్తమ్మా, గిది గూడ గిన్నెకేనా?"

పక్కన కూర్చుని అల్లుతున్న హెప్సిబా నవ్వు ఆపుకోలేకపోయింది.

మరునాడు పొద్దున్నే మగ్దలేనమ్మ అస్తరు గుడ్డ కొని తెచ్చింది. స్తుతి చదరాన్ని కూడా కలిపి, దుప్పటి వెనుకంతా కనపడకుండా ఆ గుడ్డ వేసి తానే కుట్టేసింది.