విమానం మీద తాత పేరు

మొన్న కామారెడ్డిలో మనవరాలి పెళ్లి బిందె మీద పేరు చెక్కిస్తుంటే, ఆ కరకర చప్పుడుకు ఎల్లారెడ్డిలోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. విమానాలు చేయడానికి చందా అంటూ పటేలు మనిషి వచ్చి, అమ్మ పుట్టింటి ఇత్తడి బిందె పట్టుకుపోయాడు. దాని మెడ మీద మా తాత పేరుండేది. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు.

కొన్నాళ్లకు మా మిరప చేను మీదుగా ఒక విమానం కిందుగా పోయింది. అమ్మకు చదువు రాదు. నాకు అప్పుడప్పుడే అక్షరాలు వస్తున్నాయి.

"బిడ్డా, తాత పేరున్నదా, జర సూడు."

రెక్కల కింద గుండ్రటి గుర్తులే కనిపించాయి. మా బిందె అందులో ఎక్కడుందో అంతుబట్టలేదు.

"లేదవ్వా" అన్నాను అమ్మతో.

"గది ఏం జేస్తదే?"

"ఊర్ల మీద బాంబులేస్తదట. బడిల చెప్పిన్రు."

అమ్మ కాసేపు ఆకాశంకేసి చూసి, "పేరు లేకుంటేనే మంచిగైంది తియ్" అని మళ్లీ మిరపకాయలు తెంపసాగింది.

బిందె కోసం పస్తున్న మనిషి అలా ఎందుకందో అప్పుడు నాకు బోధపడలేదు.

మొన్న దుకాణంలో మాత్రం మనవరాలి బిందె మీద పేరు లోతుగా చెక్కమన్నాను. ఇది నీళ్లు మోసే బిందే కదా.